మూడో తరగతి గౌను

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చి ఆరేళ్ళే అయింది. ఒత్తు ఒకచోట పెట్టాల్సింది ఇంకోచోట పెడతాను, వాక్యం మొదలుపెట్టి చివర ఎక్కడో మర్చిపోతాను. ఈ నాలుగు కాగితాలు రాయడానికి రెండు నెలలు పట్టింది. తప్పులుంటే మన్నించి, సరిచేసుకుని చదవండి. ఇది మా ఇస్త్రీ కొట్టును ఆనుకుని ఉన్న కుట్టుకొట్టులో జరిగిన సంగతి. కొంత చూశాను, మిగిలింది విన్నాను.

కత్తెరమ్మకు అరవై రెండో ఏట ఆఫ్రికా నుంచి పిలుపు వచ్చింది.

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో, అందరికీ కత్తెరమ్మే. మెట్ల కింద ఇరుకు కొట్టు. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయట ఊపిరి పీల్చుకుని రావాలి. ఆ కొట్టులోనే నలభై ఏళ్ళుగా మిషను తొక్కింది. మిషను పక్కన పీట వేసి ముప్ఫైనాలుగు మంది ఆడపిల్లలకు కుట్టు నేర్పింది. నేర్చుకున్నవాళ్ళు వెళ్ళి తలా ఒక కొట్టు పెట్టుకున్నారు. ఒక్కరూ ఆవిడను టీచరు అనలేదు. "కత్తెరమ్మా, వస్తా" అని వెళ్ళిపోయారు.

ఊళ్ళో ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. ఏటా కొంతమందిని తూర్పు ఆఫ్రికాలో ఒక దేశానికి పంపుతుంది. ఒక నర్సు, ఒక పంతులు, ఒక బోరు మెకానిక్కు, ఇలా. జీతం ఉండదు, సేవకే వెళ్ళాలి. ఈసారి అక్కడి ఆడపిల్లల బడి ఒకటి, తమ పిల్లలకు కుట్టు నేర్పే మనిషిని రెండు నెలలు పంపమని అడిగింది. ఆ సంగతి తెచ్చింది కత్తెరమ్మ ఆడపడుచు. కొట్టులో గుండీలూ కాజాలూ ఆవిడ పని. మనిషి చీపురుపుల్లంత ఉంటుంది, నోరు మాత్రం ఊరంత.

ఫారం మీద రాసింది ఆవిడే చదివింది. "కుట్టు శిక్షకురాలు" అని ఉంది.

"ఏదీ, ఆ మాట మళ్ళీ చదువు," అంది కత్తెరమ్మ.

"శిక్షకురాలు."

"ఇంకోసారి."

"వదినా, ఇంకోసారి చదివితే అక్షరాలు అరిగిపోతాయి. వేలిముద్ర వేస్తావా, సంతకం పెడతావా?"

సంతకం పెట్టింది. పెట్టినప్పటి నుంచి ఆవిడకు ఒకటే ధ్యాస. వెళ్ళాలి. ఒక్కసారైనా పీట మీద కాకుండా బల్ల ముందు నిలబడి నేర్పాలి.

కానీ సీటు ఒకటే, అడిగినవాళ్ళు ఇద్దరు. రెండో ఆమె రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి, ముప్ఫై కూడా ఉండవు. చురుకైనది. ఇంగ్లీషు కూడా కొంచెం వచ్చు. ఇద్దరిలో ఎవరన్నది తేల్చాల్సింది సంస్థలో ఈ ప్రయాణాలు చూసే లిస్టు సారు. ఆయన ఏ మాటైనా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి గానీ చెప్పడు. ఇంట్లో కూడా "ఒకటి, తలనొప్పిగా ఉంది. రెండు, నువ్వే కారణం" అంటాడని ఆయన భార్యే చెప్పుకుని నవ్వేది.

ఆయన ఇద్దరినీ కూర్చోబెట్టి ఇరవైయొక్క విషయాలు చెప్పాడు. కత్తెరమ్మకు మూడో విషయం దగ్గరే తల తిరిగింది. ఎవరు వెళ్ళినా సరే, ఇద్దరూ ముందే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి, ఆ కార్డు పాస్‌పోర్టుతో పాటు ఉండాలి. మలేరియా మాత్రలు దోమ కుట్టాక కాదు, కుట్టకముందే మొదలుపెట్టాలి. కత్తెర చేతిసంచిలో పెట్టకూడదు, పెద్ద పెట్టెలో పెట్టాలి.

"జబ్బు రాకముందే మందేమిటి సారూ?"

"పదకొండో విషయం అయ్యాక ప్రశ్నలమ్మా."

పదకొండు అయ్యేసరికి ఆవిడ ప్రశ్న మర్చిపోయింది.

పద్దెనిమిదో విషయం మాత్రం సూటిగా ఉంది. అక్కడి బడిలో నలభై మంది పిల్లల కొలతలు వచ్చాయి. ఇద్దరూ చెరి ఇరవై గౌన్లకు గుడ్డ కత్తిరించాలి. ఎవరు వెళితే వాళ్ళు ఆ నలభై ముక్కలూ తీసుకెళ్ళి పిల్లల చేతే కుట్టించాలి. చెరి ఒక గౌను మాత్రం నమూనాకి పూర్తిగా కుట్టి తేవాలి. అక్కడి పెద్దటీచరు వీడియోలో చూస్తుంది. చూశాక సీటు ఎవరిదో తేలుతుంది.

కత్తెరమ్మ కొలతల కాగితం కొట్టుకు తెచ్చి గోడకు గుచ్చింది. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది గానీ అంకెల్లో ఆవిడను మించినవాళ్ళు లేరు. మూడో తరగతి, ఎనిమిదేళ్ళ పిల్ల. ఛాతీ ఇరవై ఎనిమిది అంగుళాలు. మిగతా పిల్లల కొలతలూ అలాగే వయసుకు మించి ఉన్నాయి.

"ఎనిమిదేళ్ళకి ఇరవై ఎనిమిదేమిటే? మన దగ్గర పన్నెండేళ్ళ పిల్లకుంటుంది."

"అక్కడి పిల్లలు బలంగా ఉంటారేమో వదినా."

"ఒకరో ఇద్దరో ఉంటారు. బడి మొత్తం బలంగా ఉంటుందా?"

"కాగితం మీద అచ్చులో ఉంది. అచ్చయింది తప్పవుతుందా?"

అచ్చయిన మాటకు ఎదురు చెప్పే ధైర్యం కత్తెరమ్మకు లేదు. పైగా అనుమానం వచ్చిన ప్రతిదానికీ అడుగుతూ పోతే, ఈ మనిషికి ఏమీ తెలియదని పక్కన పెట్టేస్తారేమోనని భయం. అందుకే నోరు మూసుకుని సుద్ద తీసింది. తీశాక, నలభై ఏళ్ళ అలవాటు చొప్పున, పెరిగే పిల్ల కదా అని ప్రతి కొలతకూ రెండంగుళాలు కలిపింది. పిల్లల బట్టకు రెండంగుళాలు కలపకుండా ఆ కత్తెర ఏనాడూ కదల్లేదు. ఇరవై గౌన్లూ కత్తిరించింది. ఒకటి కుట్టింది.

కుట్టిన గౌను హ్యాంగరుకు తగిలించి చూస్తే గుండె గుభేలుమంది. గౌను కాదు, గుడారం.

"నువ్వోసారి వేసుకో," అంది ఆడపడుచుతో.

"నాకు అరవై ఏళ్ళు!"

"అందుకే అంటున్నా. వేసుకో."

ఆడపడుచు చీర మీదే తొడుక్కుంది. గుండీలన్నీ పట్టాయి. భుజం కొంచెం బిగువు, అంతే. ఇద్దరూ అద్దంలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వదినా, నాకు మూడో తరగతిలో సీటొచ్చేసింది," అంది ఆడపడుచు.

కత్తెరమ్మకు నవ్వు రాలేదు. కాగితం విప్పి తిరగేసింది, బోర్లించింది. తరగతులు కింది నుంచి పైకి రాశారా? టీచర్ల కొలతలు పిల్లల కాగితంలో కలిశాయా? మర్నాడు టీకాకు వెళ్ళినప్పుడు నర్సును అడిగింది.

"అమ్మా, తూర్పు ఆఫ్రికాలో పిల్లలు బాగా పెద్దగా ఉంటారా?"

నర్సు సూది ఎత్తి పట్టుకుని ఆలోచించింది. "అక్కడ పొడుగు మనుషులుంటారని విన్నానండీ. పొట్టివాళ్ళూ ఉంటారట. చెయ్యి వదులుగా పెట్టండి."

ఆ మాటతో ఉన్న కాస్త అంచనా కూడా పోయింది. బోరు మెకానిక్కు పోయినేడు అక్కడికి వెళ్ళొచ్చాడు కదా అని ఆయన్ని పట్టుకుంది. ఆయన ఎంతసేపూ పంపులూ వాషర్లూ చెప్పాడు. పిల్లలెంతుంటారయ్యా అంటే, "పిల్లలు పిల్లల్లాగే ఉన్నారు పిన్నీ" అన్నాడు. మన పిల్లల్లాగా, వాళ్ళ పిల్లల్లాగా? ఆ ముక్క చెప్పకుండానే ఫోను వస్తే మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు.

గౌను విప్పి చిన్నది చేద్దామా? చేస్తే, కొలత తప్పావంటారు. అలాగే ఉంచితే, కళ్ళు లేవా అంటారు. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. చివరికి గౌను మడిచి సంచిలో పెట్టుకుని, ఏదైతే అదయిందని సంస్థ హాలుకు బయలుదేరింది. ఆడపడుచు తోడు వెళ్ళింది.

హాల్లో గోడకు తెర కట్టారు. తెర మీద పెద్దటీచరు, వెనక వరసగా పిల్లలు. ఆవిడ ఇంగ్లీషులో మాట్లాడితే లిస్టు సారు ఇటు చెబుతున్నాడు. ముందు ఫ్యాక్టరీ అమ్మాయి తన గౌను ఎత్తి చూపించింది. కుట్టు గీత గీసినట్టుంది. పెద్దటీచరు తలూపింది గానీ, కనుబొమ్మలు కొంచెం పైకి లేచాయి. తర్వాత కత్తెరమ్మ లేచి తన గౌను విప్పింది. అది విప్పుతుంటే ఇంకా విప్పుతూనే ఉన్నట్టయింది. తెర మీద పిల్లలు ముందు చూశారు, తర్వాత ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. పెద్దటీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

లిస్టు సారు మొహం మాడ్చుకున్నాడు. "ఒకటి, ఇది మూడో తరగతి గౌను కాదు. రెండు..."

రెండోది ఏమిటో వింటే ఇక తన పని అయిపోయినట్టేనని కత్తెరమ్మకు తెలుసు. తప్పు తనదో, కాగితానిదో, ఆ పిల్లలదో ఇప్పటికీ తెలియదు. కానీ ఎదురుగా పిల్లలు నిలబడి ఉంటే కాగితంతో పనేమిటి?

"సారూ, ఆ రెండోది ఆపండి. ఈ గౌను ఏ పిల్లదో ఆ పిల్లను ముందుకు రమ్మనండి. బడిలో అడుగు స్కేలు ఉంటుందిగా, ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోమనండి."

"ఎందుకమ్మా?"

"చెప్పండి సారూ, నా తండ్రి కదూ!"

ఒక పిల్ల వచ్చింది. రెండు జడలు, పళ్ళ మధ్య సందు. స్కేలు ఛాతీ మీద పెట్టుకుంది. స్కేలు రెండు పక్కలా బొటనవేలంత మేర బయటికి వచ్చింది. కత్తెరమ్మ ఒక కన్ను మూసి చూసింది. పక్కకు తిరగమంది. మళ్ళీ చూసింది.

"ఈ పిల్లకు ఇరవై నాలుగు. ఒక్క గీత అటూ ఇటూ ఉండదు. ఇరవై ఎనిమిది ఎవరు రాశారు?"

లిస్టు సారు ఆ మాట అటు చెప్పాడు. పెద్దటీచరు లేచి తనే టేపు తెచ్చి కొలిచింది. కొలిచి, టేపు వైపు చూసి, కొంచెం సిగ్గుపడుతూ ఏదో అంది.

"ఏమంటున్నారు?"

"ఇరవై నాలుగేనట. ఆవిడ ఇరవై ఆరు రాసి పంపారట. పిల్లలు పెరుగుతారు కదా, బట్ట ఏడాదైనా రావాలి కదా అని రెండు కలిపారట."

"మరి కాగితంలో ఇరవై ఎనిమిది ఉందే?" అంది ఫ్యాక్టరీ అమ్మాయి.

లిస్టు సారు గొంతు సవరించుకున్నాడు. జీవితంలో మొదటిసారి లెక్కపెట్టకుండా మాట్లాడాడు. "అది... టైపు చేసేటప్పుడు నేను కలిపాను. మా పాపకు మా ఆవిడ ఎప్పుడూ రెండంగుళాలు ఎక్కువే పెట్టిస్తుంది. ఇక్కడి నుంచి అక్కడికి చేరేసరికి పిల్లలు ఎదుగుతారు కదాని..."

అందరూ కత్తెరమ్మ వైపు తిరిగారు.

"నేనూ రెండు కలిపానండీ," అంది ఆవిడ తల దించుకుని.

ముందు నవ్వింది ఆడపడుచు. "ముగ్గురు తల్లులు కలిసి ఒక పిల్లను నా అంత చేశారన్నమాట!" లిస్టు సారు అది అటు చెప్పాడో లేదో, తెర మీద బడి బడంతా గొల్లున నవ్వింది. స్కేలు పట్టుకున్న పిల్లకు ఎందుకు నవ్వుతున్నారో తెలియక, అందరికన్నా ఎక్కువ తనే నవ్వింది.

"నేను మాత్రం ఏమీ కలపలేదు సార్. లిస్టులో ఉన్నదే కుట్టాను," అంది ఫ్యాక్టరీ అమ్మాయి. ఆ మాట నిజమే. ఆ అమ్మాయి చేసిందాంట్లో తప్పు లేదు. కత్తెరమ్మ గౌను మడిచి సంచిలో పెట్టబోయింది. చెప్పినది చెప్పినట్టు చేసినవాళ్ళను వదిలేసి తనను ఎందుకు పంపుతారు?

పెద్దటీచరు ఇంకో ప్రశ్న వేసింది. కత్తిరించిన గుడ్డ అంతా వృథా అయినట్టేనా అని.

"వృథా ఎందుకవుతుందమ్మా!" లిస్టు సారు చెప్పేదాకా ఆగకుండా కత్తెరమ్మ తెరతోనే మాట్లాడేసింది. గౌను బల్ల మీద పరిచి, పక్కకుట్టు దగ్గర గుడ్డ లోపలికి మడిచి, అంచు పైకి రెండు మడతలు పెట్టి గుండుసూదులు గుచ్చింది. "పక్కలూ అంచూ ఇలా మడిచి పెద్ద కుట్టు వెయ్యాలి. భుజం ఇక్కడ కొద్దిగా పట్టెయ్యాలి. ఏడాదికి ఒక మడత విప్పుకోవాలి. మూడో తరగతిలో వేసుకున్న గౌను ఆరో తరగతి దాకా వస్తుంది. మడత ఎక్కడుందో పిల్లకే తెలియాలి. తనే విప్పుకోవాలి. దర్జీ కోసం ఎదురుచూడకూడదు."

లిస్టు సారు చెబుతుంటే పెద్దటీచరు ముందుకు వంగి, గుండుసూదులు గుచ్చిన చోటే చూస్తూ కూర్చుంది. బాగుందనిగానీ బాగోలేదనిగానీ మొహంలో తెలియలేదు. ఇంతలో తెర నల్లబడింది. కరెంటు అటు పోయిందో ఇటు పోయిందో కూడా ఎవరికీ అర్థం కాలేదు.

బయటికి వచ్చాక ఫ్యాక్టరీ అమ్మాయి వెనకే వచ్చింది. "అత్తా, ఆ మడత నాకు రాదు. ఫ్యాక్టరీలో మడతకి గుడ్డ వదలనివ్వరు. ఎప్పుడైనా చూపిస్తారా?"

"రేపే రా," అంది కత్తెరమ్మ. అనేశాక, గెలిచినవాళ్ళు అడుగుతున్నారా ఓడినవాళ్ళు అడుగుతున్నారా తెలియక ఇంకా తికమకపడింది.

మర్నాడు పొద్దున పదకొండింటికి ఫోను మోగింది. ఆడపడుచు స్పీకరు పెట్టింది. కత్తెరమ్మ మిషను ఆపి, ఊపిరి కూడా ఆపింది.

"ఒకటి," అన్నాడు లిస్టు సారు, "పాస్‌పోర్టు కాపీలు మూడు కావాలి. రెండు, పెద్దటీచరుతో మళ్ళీ మాట్లాడాను. మూడు, ఆ అమ్మాయితో కూడా మాట్లాడాను. వచ్చే ఏడు తనను పంపుతాం. నాలుగు, దోమతెర సంస్థే ఇస్తుంది. అయిదు..."

"సారూ! నేను వెళుతున్నానా, లేదా?"

"అదే కదమ్మా ఇందాకటి నుంచి చెబుతున్నా! ఆ మడత మీరే వచ్చి నేర్పాలన్నారు పెద్దటీచరు. టికెట్టు తీసే మనిషి లైనులో ఉన్నాడు, తొందరగా చెప్పండి. విమానంలో కిటికీ పక్కన సీటు కావాలా, నడిచే దారి పక్కన కావాలా?"

కత్తెరమ్మ ఆడపడుచు వైపు చూసింది. ఆడపడుచు భుజాలెగరేసింది. కత్తెరమ్మ కళ్ళు తుడుచుకుని ఫోను దగ్గరికి జరిగింది.

"ఏది ముందు చేరుతుంది సారూ?"

— ఇస్త్రీ పెద్దమ్మ
వయసు అరవై ఎనిమిది. కొట్టు మూసేశాక ఇప్పుడు చిన్నకూతురింట్లో, మేడ మీద గదిలో ఉంటున్నాను.