రోజువారీ వాడకానికి ఎట్లుండాది?

"ఎట్లుండాది ఫోను?" అని జ్ఞానేశ్వర్ అడిగేసరికి హరిత చేతులు రెండూ జొన్నపిండిలో ఉన్నాయి. రొట్టె తట్టేది ఆపకుండానే, "పొయ్యి పక్కన పెడితే శానా వేడెక్కుతాండాది," అంది. "ఇంకా?" అన్నాడతను వంటింటి గడప దగ్గరే నిలబడి. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఫలానాది ఎట్లా ఉందని హరితను అడిగినవాళ్ళు లేరు. కూరలో ఉప్పెక్కువైందని చెప్పేవాళ్ళున్నారు గానీ, నువ్వు తిన్నావా, నీకెట్లా ఉందని అడిగేవాళ్ళు లేరు. ఫోను సంగతి మాత్రం మొగుడు అడుగుతాడు.

అది వాళ్ళ అంగడి పద్ధతి. కర్నూలులో జ్ఞానేశ్వర్‌ది సెల్‌ఫోన్ల అంగడి. కింద వ్యాపారం, పైన కాపురం. కొత్త మోడలు ఏదొచ్చినా ఒక పెట్టె విప్పి పెళ్ళాం చేతిలో పెడతాడు. తడి చేతులు, పిండి చేతులు, పొయ్యి సెగ, మిద్దె మీద ఎండ, అన్నిటికీ తట్టుకుంటే అది గట్టి ఫోను కింద లెక్క. ఆ తర్వాత "నేను వాడి చూసి చెప్తాండా" అని యూట్యూబులో వీడియో పెడతాడు. వాడేది ఆమె, చెప్పేది ఆయన! ఇందులో తప్పుందని ఇంతకాలం హరితకు తోచలేదంటే తోచలేదు మరి.

ఈసారి వచ్చింది గేములాడే కుర్రాళ్ళ కోసం చేసిన చవక ఫోను. మంచి బరువు, వెనకాల ఎర్ర దీపం. మోగినప్పుడల్లా ఆ దీపం వెలిగి ఆరుతుంటే అత్త రాజ్యలక్ష్మమ్మ, "ఏందమ్మే అది, పెండ్లి పందిరి మాదిరి!" అని నవ్వింది.

"గేములకు సరేగానీ, ఇంట్లో రోజువారీ వాడకానికి ఎట్లుండాదని శానామంది అడుగుతాండారు," అన్నాడు జ్ఞానేశ్వర్. "ఈసారి వీడియోలో నువ్వే చెప్పు హరితా. ఆడోళ్ళు చెప్తే ఆడోళ్ళు నమ్ముతారు."

ఈ మధ్య హరితకు సంతోషమూ రావడం లేదు, ఏడుపూ రావడం లేదు. తిమ్మిరెక్కిన కాలును గిల్లినట్టు, ఎవరేమన్నా ఎక్కడో దూరంగా తెలుస్తోంది, అంతే. ఈ మాట మాత్రం లోపలికి దిగింది. తనే చెప్పాలి, తన గొంతుతో చెప్పాలి. అప్పటినుంచి ఆ ఫోనును శ్రద్ధగా చూడడం మొదలుపెట్టింది.

పొద్దున పాలు పొంగేలోపల కూతురు సుజన బడివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఏమొచ్చిందో హరిత చూసుకోవాలి. చూద్దామంటే ఫోను తెరుచుకోదు. అంట్ల సబ్బుకు అరిగిన వేలిని అది గుర్తుపట్టదు. జ్ఞానేశ్వర్ వేలు పెడితే మాత్రం ఇట్టే తెరుచుకుంది, "నీ వేలికే ఏదో రోగం" అన్నాడు. అంగడి వాట్సాప్‌కు వచ్చే ప్రశ్నలన్నిటికీ ఆయన పేరుతో జవాబులు కొట్టేది ఆమే, అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి, అది బాగుంది. గ్యాసు బుక్ చేసినా, కూరగాయల బండికి దుడ్లు పంపినా ఎక్కడా ఆగలేదు. అత్తకు సీరియలు పెట్టిస్తే పక్కింటికి కూడా వినబడింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఆడబిడ్డ కష్టసుఖాలు వింటూ రొట్టెలు కాల్చితే ఆ బరువుకు మెడ పట్టేసింది. ఛార్జింగు మాత్రం ఆమె నడుం వాల్చేదాకా నిలిచింది. తనకన్నా అదే నయం అనుకుంది.

"గేము ఆడి చూసినావా?" అని జ్ఞానేశ్వర్ అడిగాడు ఒకరోజు.

"ఎప్పుడు ఆడేది?"

అతను నవ్వి, "అది నేను చూసుకుంటాలే," అని కౌంటరు దగ్గర కూర్చుని మధ్యాహ్నమంతా ఆడాడు.

వీడియో తీసే రోజు హరిత ఇస్త్రీ చీర కట్టుకుని కిందికి దిగింది. చెప్పాల్సిన మాటలు వంట చేస్తూ చెప్పుకుని చెప్పుకుని నోటికి వచ్చేశాయి. అన్నాల వేళ, అంగట్లో బేరాలు లేవు. జ్ఞానేశ్వర్ ఆమె మొహం చూడకుండా తన ఫోను ఆమె చేతిలో పెట్టాడు. "అమ్మ వద్దంటాండాది హరితా. ఇంటి కోడలు యూట్యూబులో కనబడితే నలుగురూ నాలుగు రకాలంటారంట. అయినా నువ్వు తడబడతావులే. నువ్వు తీయి, నేను చెప్తా."

హరిత రెండడుగులు వెనక్కి జరిగింది. ఫోను ఎత్తి పట్టుకుంది. ఎర్ర దీపం ఫోను చేతిలో తిప్పుతూ అతను మొదలుపెట్టాడు. అక్షరాలు పెద్దవన్నాడు, మెడ పట్టేస్తుందన్నాడు, అన్నీ ఆమె మాటలే. "నేను పొయ్యి పక్కన పెట్టి చూసినా," అని కూడా అన్నాడు. ఆ పొయ్యిని ఒక్కనాడన్నా వెలిగించిన పాపాన పోయాడా మహానుభావుడు! చివరికి నవ్వుతూ అన్నాడు: "రోజువారీ వాడకమంటారా, మా ఇంట్లో ఆమె మాదిరి పనీపాటా లేకుండా ఖాళీగా ఉండే ఆడోళ్ళకు ఈ ఫోను శానా ఎక్కువ."

హరిత రికార్డింగు ఆపింది. కోపం వస్తుందేమోనని చూసింది, రాలేదు. ఒకటి మాత్రం తేటగా తెలిసింది. ఇది ఇట్లాగే బయటికి పోతే ఊరంతా ఈ మాటే నమ్ముతుంది. రేపు సుజన కూడా మా అమ్మ ఖాళీగా ఉండేదనే అనుకుంటుంది.

"బాగా వచ్చిందా?" అన్నాడు జ్ఞానేశ్వర్.

"లేదు. మళ్ళీ తీయాల."

"ఏం, గొంతు సరిగ్గా రాలేదా?"

"గొంతు బాగానే వచ్చింది. మనిషే తప్పు."

అతనికి అర్థమయ్యేలోపల హరిత తాను తీస్తున్న ఫోనును కౌంటరు మీద పెట్టి, అతని చేతిలోని ఎర్ర దీపం ఫోను తీసుకుని తనవైపు తిప్పుకుంది. "హరితా, అమ్మ వింటాది," అంటున్నాడతను. తెర మీద తన మొహం ఆమెకు బాగానే కనబడుతోంది. వీడియో బొత్తాం నొక్కింది.

"నా పేరు హరిత," అంది. "ఈ ఫోను వాడింది నేను, ఈయన కాదు."