నలభై లక్షలు

కర్నూలు నుంచి రిపోర్టు నితిన్ ఫోనుకు వచ్చింది. దుకాణం నుంచి వస్తూనే వంటింటి గడపలో నిలబడి ఫోను నా ముందుకు చాపాడు.

"కౌంట్ వచ్చింది. ఇదెంతో మామూలు లెక్కలో సెప్పు."

మిల్లీలీటరుకు 4 × 10⁶ అని ఉంది. ఎనిమిదో తరగతికి ఆ వారం నేను చెబుతున్న పాఠమే. నాలుగు పక్కన ఆరు సున్నాలు.

"నలభై లక్షలు," అన్నాను.

వెంటనే నడవలోకి వెళ్లాడు. ఆదోని యార్డులో పత్తి ఎంత పలికిందో ఇంటికి రాగానే తల్లికి చెప్పడం అతని అలవాటు. ఇదీ ఆ గొంతుతోనే చెప్పాడు.

"అమ్మా, నలభై లక్షలుండాయంట."

మా అత్త కనకమ్మ పూలు కట్టడం ఆపలేదు. "నేను సెప్తానే ఉండా గదప్పా, నీకేం తక్కువని."

పెళ్లయి నాలుగేళ్లు, పిల్లల్లేరు. అతని కౌంట్ తక్కువుంటే ఇద్దరం వైద్యానికి వెళ్లాలని, సరిగా ఉంటే నన్ను ఎమ్మిగనూరులో పుట్టింటికి పంపేయాలని పోయిన వారమే ఈ నడవలో తేల్చారు.

నేను చేతులు తుడుచుకుని బయటికొచ్చాను.

"కింద ఇంకో వరుస ఉంది అత్తమ్మా. కనీసం పదహారు ఇంటూ పది పవర్ ఆరు ఉండాలని. అంటే కోటీ అరవై లక్షలు."

"కోటీ అరవయ్యా?" ఆమె నవ్వింది. "అంత యాడుంటాదమ్మా మనిషికి? మళ్లా మళ్లా రమ్మనేదానికి ఆస్పత్రోళ్లు రాసుకుంటారు. ఒరే, నలభై అని ఎవురు సెప్పినారు నీకు?"

"ఈమేనమ్మా. లెక్కల టీచరు గదా."

అప్పుడు అర్థమైంది. రెండు వరుసల్లోనూ పది మీద ఉన్నది ఆరే. ఎక్కువ తక్కువలు తెలియడానికి సున్నాలు పరచుకోనవసరం లేదు. నాలుగు, పదహారు. దూది పిడికిట్లోకి తీసుకుని తేమ చెప్పగల మనిషి ఈ రెండూ పోల్చుకోలేక నా దగ్గరికి రాలేదు. రెండో వరుస చూసే వచ్చాడు. తల్లి దగ్గరికి మోసుకుపోవడానికి ఒక పెద్ద సంఖ్య కావాలి, అది నా నోటి నుంచి రావాలి. అందుకే మొదటి వరుస ఒక్కటే విప్పి చెప్పమన్నాడు. అబద్ధం అనడానికి ఎక్కడా వీల్లేదు. నేను చేసిన లెక్క తప్పు కాదు.

అతని వైపు చూశాను. ఫోను తెర చొక్కాకు రుద్ది తుడుస్తున్నాడు.

తెల్లారి కారులో ఎమ్మిగనూరు బయలుదేరాం. పత్తి లారీల వెనక నెమ్మదిగా పోతున్నాం. ఊరు దాటాక అతను అడిగాడు.

"మీ ఇంట్లో ఏం సెప్తావు?"

"సున్నాలు తీసేసి చెప్తాను. నాలుగు. పదహారు."

కారు పక్కకు తీసి ఆపాడు. లారీ ముందుకు పోయింది. స్టీరింగు మీద అతని చేతులు కదల్లేదు.

"ఆ మాట ఆడ అనొద్దు సంయుక్తా. మీ నాయన ముందర అసలే అనొద్దు."

ఈ నాలుగేళ్లలో నన్ను బతిమాలడం అదే మొదటిసారి. అతను చిన్నబోవడం చూసి నాకు జాలి కలగలేదు. ఇంకాసేపు చూడాలనిపించింది.

"పోనీయండి," అన్నాను. "ఎండెక్కుతోంది."