ఇస్తేనే పుచ్చుకునే చెయ్యి

బ్లెస్సీ ఇంతవరకు ఎవరి దగ్గరా నోరు విప్పి అనని మాట ఒకటుంది. తనకేం కావాలో తనకు తెలీదు. గుణదల చర్చిలో ఫాదర్ ముందు పాపసంకీర్తనానికి మోకరించినప్పుడు ఒకసారి చెప్పబోయింది కూడా. అది ఏ పాపం కిందికొస్తుందో అర్థంకాక, అమ్మ మీద విసుక్కున్నానని చెప్పి లేచి వచ్చేసింది. చీర అమ్మ ఎంచేది. కాలేజీ నాన్న చూశాడు. డిగ్రీ మధ్యలో ఎందుకు మానేశావని ఎవరన్నా అడిగితే ఇప్పటికీ సరైన జవాబు లేదు. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లో చవగ్గా దొరికాయని కంప్యూటర్ పుస్తకాలు కొని, వాటిని ముందేసుకుని ప్రోగ్రాములు రాయడం తనంతట తానే నేర్చుకుంది. అది ఇష్టమై నేర్చుకుందో, ఊరికే కూర్చోలేక నేర్చుకుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ విద్యతోనే కానూరు దాటాక ఉన్న ఓ ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరింది. పొద్దున్నే సిటీ బస్సు దిగి, ల్యాబ్ తాళం తీసి, స్టెబిలైజర్ వేసి, బల్లకి బిగించి ఉన్న రోబో చేతికి కరెంటు ఇచ్చేది. అది ఒళ్లు విరుచుకున్నట్టు పైకి లేచేది. ఇక సాయంత్రం దాకా అది ఇస్తుంటే ఈమె పుచ్చుకోవాలి. గ్లాసు, కత్తెర, టార్చిలైటు, మందుసీసా, ఏదైతే అది.

"మనిషికి వస్తువు అందించినప్పుడు ఎప్పుడు వదలాలన్నదేనమ్మా మన పరిశోధనంతా," అని ల్యాబుకి పెద్దయిన కృపానందం గారు మొదటిరోజే చెప్పారు. "ముందే వదిలితే గ్లాసు పగులుతుంది. ఆలస్యమైతే ఇద్దరూ గుంజులాడుకున్నట్టుంటుంది. రేపు ఆసుపత్రిలో నర్సు పక్కన నిలబడి పనిచెయ్యాలంటే ముందు దీనికి ఈ మర్యాద రావాలి."

మర్యాద అంత తేలిగ్గా రాలేదు. చేతిని బల్లకి ఎడమవైపు బిగించడంతో పరీక్షకి వచ్చినవాళ్లందరూ అందుకోబోయి ఆగిపోయేవాళ్లు. క్యాంటీన్ నడిపే రామతులసి అయితే దాని మొహం మీదే అనేసింది. "ఎడం చేత్తో పారేస్తే పుచ్చుకోడానికి నేనేమన్నా అడుక్కోడానికొచ్చానా?" మర్నాడు బోల్టులు విప్పి కుడివైపుకి మార్చారు. తర్వాత ఉప్పు ప్యాకెట్టుతో తంటా వచ్చింది. ఉప్పు చేతిలోంచి చేతిలోకి పుచ్చుకుంటే పోట్లాటలొస్తాయని ఎవరూ ముట్టుకోరు. "అక్కడ పెట్టమనండి, తీసుకుంటాను" అంటారు. బ్లెస్సీ ప్రోగ్రాం మార్చి, ఉప్పయితే బల్ల మీద పెట్టేట్టు రాసింది.

"హమ్మయ్య, ఇప్పుడు ఇంట్లో పిల్లలా ఉంది," అంది రామతులసి.

వానలు మొదలయ్యేసరికి చెయ్యి ఇంకో సంగతి నేర్చుకుంది. అది బ్లెస్సీ రాసింది కాదు, కృపానందం గారు రాసిందీ కాదు. మనసులో అక్కర్లేని వస్తువుని ఎవరన్నా అందుకోబోతే అది వదిలేది కాదు. ఆఫీసులో పనిచేసే శివపార్వతి మంగళగిరి చీరలు రెండు తెచ్చి దాని చేత ఇప్పించుకుంది. ఆకుపచ్చది చప్పున వదిలింది. నలుగురూ బాగుందన్న మెరూన్ రంగుది ఎంత లాగినా వదల్లేదు. కరెంటు ఆపి విడిపిస్తే, ఆవిడ దాన్ని మడతపెట్టి కొట్టుకి తిప్పి పంపేసింది. సిగరెట్లు మానేశానని అందరికీ చెప్పుకుంటున్న కృపానందం గారికి మాత్రం ప్యాకెట్టు ఇట్టే ఇచ్చేసింది. ఆయన చిన్నబోయి జేబులో వేసుకున్నారు. రిపోర్టులో ఆ ఆలస్యాల కోసం ఓ గడి గీసి "అక్కర్లేదు" అని రాసేవారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక, రైల్వేస్టేషన్‌లో బరువు చూసుకునే మిషన్ దగ్గరికొచ్చినట్టు, జనం ఏదో ఒకటి పట్టుకుని వచ్చేవాళ్లు.

ఒక్క బ్లెస్సీకి మాత్రం ఏది అందుకోబోయినా అది క్షణం ఆగకుండా ఇచ్చేసేది.

ఆ రోజుల్లోనే అవనిగడ్డ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి జాన్ పాల్, అక్కడే హైస్కూల్లో లెక్కల మాస్టారు. కాసేపు మాట్లాడుకోమని ఇద్దర్నీ వసారాలో వదిలితే, అతను వంటొచ్చా అని అడగలేదు.

"మీ రోబో చేతికి చెమట పడుతుందాండీ?"

"పట్టదండీ."

"మరి వస్తువు జారిపోతోందని దానికెలా తెలుస్తుంది?"

బ్లెస్సీకి నవ్వొచ్చింది. వేళ్ల లోపల రబ్బరు కింద ఏముంటుందో, పట్టు ఎంత బిగించాలో దానికి ఎలా నేర్పారో చెప్పడం మొదలుపెట్టింది. లోపలినుంచి పిలిచేదాకా ఆపలేదు. అతను వెళ్లేముందు తన ఫొటో వెనక ఒక ఫోన్ నంబరు రాసిచ్చాడు. "పక్కింటివాళ్లదండి. పిలిస్తే గోడ దూకి వచ్చేస్తాను."

లోపల పెద్దవాళ్లు వేరే మాట అనుకున్నారు. పెళ్లయ్యాక అమ్మాయి ఉద్యోగం మానేసి అవనిగడ్డలోనే ఉండాలన్నది అతని తల్లి షరతు. రాత్రి అన్నాల దగ్గర నాన్న శౌరయ్య అడిగాడు. "ఏమ్మా, సరేనా?"

"మీ ఇష్టం నాన్నా."

"అయితే శనివారం డ్యూటీ దిగి వాళ్లకి ఫోన్ చేసి మాటిచ్చేస్తా."

మర్నాడు బ్లెస్సీ ఆ ఫొటోని రోబో చేతికిచ్చి, మళ్లీ అందుకుంది. చప్పున వదిలింది. గుండె తేలికపడబోయింది. అంతలో ఏదో అనుమానం వచ్చి వంకరపోయిన చెంచా పెట్టి చూసింది. అదీ వదిలింది. ఎవరిదో పళ్లూడిన దువ్వెనా వదిలింది. పాత కేలెండరూ అంతే.

"ఇదేంటి, ఇవన్నీ నాక్కావాలా?" అంది అయోమయంగా.

టీ గ్లాసులు ఏరుకుంటున్న రామతులసి నవ్వింది. "ఏదిచ్చినా కాదనకుండా పుచ్చుకుంటుంటే, అది మాత్రం ఏం చేస్తుందమ్మాయ్!"

శనివారం కృపానందం గారు హుషారుగా వచ్చారు. "ఇవ్వడం అయిపోయింది. ఇవాళ్టినుంచి పుచ్చుకోవడం చూద్దాం." ఆ ప్రోగ్రాం బ్లెస్సీయే రాసింది. చెయ్యి వస్తువు రెండో కొస పట్టుకుని, మనిషి వేళ్లు సడలేదాకా ఆగి, అప్పుడు తీసుకుంటుంది. రామతులసి గరిటె ఇస్తే తీసుకుంది. కృపానందం గారు కళ్లజోడిస్తే అదీ తీసుకుంది. ఆయన బల్లంతా తడుముకుని మళ్లీ సంపాదించుకున్నారు.

"నువ్వు మానేస్తున్నావట కదమ్మా, మీ నాన్నగారు చెప్పారు. ల్యాబ్ తాళంచెవి ఎలాగూ ఇవ్వాలిగా. దాంతోనే కానీ."

బ్లెస్సీ తాళంచెవి చాపింది. చెయ్యి దాని కొస పట్టుకుంది. ఆగింది. బ్లెస్సీ వేళ్లు వదులు చేసింది. చెయ్యి కాసేపు అలాగే ఉండి, పట్టు విడిచి వెనక్కి జరిగింది.

"ఇవ్వమ్మా."

"ఇస్తూనే ఉన్నాను సార్."

మళ్లీ చాపింది. ఈసారి చెయ్యి తాళంచెవిని మెల్లగా ఆమె అరచేతిలోకే నెట్టి, ఆమె వేళ్లని ఒక్కొక్కటే దాని మీదికి మడిచింది. కృపానందం గారు కళ్లజోడు తుడుచుకుని గడిలో ఏదో రాసుకున్నారు. "సరే, ఉంచుకో అయితే," అన్నారు, ఇంకో కప్పు టీ వద్దంటే ఊరుకున్నట్టు.

బ్లెస్సీ కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాం అంతా వెతికింది. తప్పెక్కడా కనిపించలేదు. అంటే తనకి ఉద్యోగం వదులుకోవడం ఇష్టం లేదన్నమాట. అంటే ఈ పెళ్లి వద్దా? అనుకోగానే బ్యాగులోంచి ఫొటో తీసి చేతికి అందించింది. తన వేళ్లు పూర్తిగా తెరిచి పెట్టింది, అరచేతిలో ఆకులా ఉంది ఫొటో. చెయ్యి వంగి, చూసినట్టుగా ఆగి, దాన్ని ముట్టుకోకుండానే వెనక్కి వెళ్లిపోయింది.

ఇదేం లెక్క? రెండూ వదులుకోకపోతే ఎలా? అవనిగడ్డకి కరకట్ట మీద బస్సులో రెండు గంటలు. రోజూ వచ్చిపోతానంటే వాళ్లమ్మ గుమ్మం దిగనిస్తుందా? వారానికి మూడు రోజులు ఇక్కడుంటానంటే ఊళ్లో ఏమనుకుంటారు? అసలు అతనే ఏమంటాడో? చెమట సంగతి అడిగినంత మాత్రాన ఇదంతా ఒప్పుకుంటాడని ఏముంది? వద్దంటే సంబంధం పోతుంది. నాన్న ఆర్నెల్లు మాట్లాడడు. ఎటు తిప్పి చూసినా తేలలేదు. తేలింది ఒక్కటే. సాయంత్రం డ్యూటీ దిగి నాన్న ఆ ఇంటికి మాటిచ్చేస్తే, ఇక తను చెప్పడానికి ఏమీ మిగలదు.

బ్లెస్సీ ఫొటో వెనక నంబరు చూసుకుని లేచి చెప్పులేసుకుంది. గేటు పక్కన ఎస్టీడీ బూత్ తెరిచే ఉంటుంది.

"ఎక్కడికమ్మా? ఇంకా దీనికి ఇచ్చి చూడాల్సిన గిన్నెలవీ ఉన్నాయి," అన్నారు కృపానందం గారు.

"అవనిగడ్డకి ఫోన్ చేసొస్తాను సార్."

"మీ నాన్నగారు చెయ్యమన్నారా?"

"లేదండీ," అంది బ్లెస్సీ. "ఆయన చేసేలోపు నేనే చేస్తాను."