తొందరపడ్డ సాక్ష్యం

ఆదివారం చర్చిలో మా అవ్వ సంతోషమ్మ, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచి, తన రొమ్ములోని గడ్డ సగానికి సగం తగ్గిందని చెప్పేసింది. సుల్తానాబాద్ సంఘమంతా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తగ్గిందో లేదో తేలాల్సిన స్కానింగ్ మంగళవారం ఉంది మరి.

అవ్వ చూసింది నా లాప్‌టాప్‌లోని బొమ్మను. నేను కరీంనగర్ కాలేజీలో లెక్కలు చెబుతూ, గడ్డలు ఎలా పెరుగుతాయో కంప్యూటర్‌తో అంచనా కట్టే పరిశోధన చేస్తున్నాను. అవ్వ మొదటి స్కానింగ్ కొలతలు, ఆమెకు ఎక్కిస్తున్న మందు అందులో పెట్టి నడిపిస్తే, ఎర్ర చుక్కల ముద్ద మెల్లగా సగమైంది. శనివారం అదే ఆమెకు చూపించి, వెంటనే లాప్‌టాప్ మూసేశాను.

ఇంటికి రాగానే కోపం ఆపుకోలేకపోయాను.

“అవ్వా, అది నీ గడ్డ కాదు. నేను లెక్కతోని చేసిన బొమ్మ.”

“కొలతలు నావే ఏసినవు గదా?”

“ఏసిన.”

“మందు నాదే గదా?”

“నీదే. గని అది నీ ఒంట్ల ఎంత పనిచేస్తదో నేను అనుకొని ఏసిన. పనిచెయ్యకుంటే లెక్క మారుతది.”

“మారితే ఎట్లుంటదో చూపెట్టు.”

నేను దాచిన రెండో బొమ్మ అదే. అందులో చుక్కలు పెరిగి పెరిగి తెరంతా ఎర్రబడుతుంది. అవ్వ చివరిదాకా చూసి, లేచి అన్నం వడ్డించింది.

మంగళవారం కరీంనగర్‌లో డాక్టర్ పాత స్కానింగ్, కొత్త స్కానింగ్ పక్కపక్కన పెట్టి చూశాడు. గడ్డ మూడో వంతు తగ్గిందని, మందు పనిచేస్తోందని చెప్పాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది, సంతోషంతో. అవ్వేమో పరేషాన్ అయింది.

“సగమని చెప్పిన గదనే. ఇప్పుడు సంఘానికి ఏం చెప్పాలె?”

మరుసటి ఆదివారం మళ్లీ లేచింది. “పోయిన వారం జర ఎక్కువ చెప్పిన. తగ్గింది మూడో వంతే. లెక్క మా బిడ్డ మహిమది, తొందర నాది,” అంటూ నా వైపు చెయ్యి చూపింది. అందరూ నవ్వారు, నేను కూడా. ఈసారి చప్పట్లు ఇంకా ఎక్కువసేపు మోగాయి.

ఇంటికి నడిచి వస్తూ అడిగాను. “బొమ్మను నిజమనుకున్నవా అవ్వా?”

“నిజమైతే చూపెట్టంగనే లాప్‌టాప్ ఎందుకు మూసినవు? అప్పుడే ఎరకైంది, ఇంకేదో చూసి భయపడ్డవని. సంఘమంతా చప్పట్లు కొడితే జర ధైర్యమొస్తదనుకున్న.”

“నీకా?”

“నాకెందుకే. నీకు.”