కుట్టనాడు నడిచొచ్చిన కాళ్లు

తిలకవతి నోటికి ఉప్పళం పేటలో ఎదురు లేదు. కట్టుకున్న మొగుణ్ణే వదలని నోరు, ఇక ఊరినేం వదులుతుంది!

ఆ మొగుడు సుబ్బరాయలు. మిల్లు మూతపడ్డాక ఇంటిపట్టునే ఉన్నాడు. మొదలెట్టిన పని ఏదీ పూర్తిచేయడని పేరు. అన్న వీరాసామి హిమాలయాల్లో ఏదో కొండెక్కి వచ్చి, వీధి మొగలో తన నిలువెత్తు ఫ్లెక్స్ కట్టించుకున్నాడు. దాని కిందనుంచే రోజూ టీకి పోవాలంటే ఎవరికి మాత్రం కడుపు మండదు?

"ఎక్కేదేముంది, ఎవురైనా ఎక్కతారు. నేను దిగతా" అన్నాడు టీకొట్టులో. "ఇండియాలో అన్నిటికన్నా పల్లం కేరళలో కుట్టనాడంట. సముద్రం కన్నా కిందంట. ఆడికి నడిచే పోతా." కొట్టంతా పగలబడి నవ్వింది.

నిజంగానే బయల్దేరాడు. గుడియాత్రకు పోయేవాళ్లకు చేసినట్టే దండ వేసి, మేళంతో పక్కూరు అరియాంకుప్పం వంతెన దాకా సాగనంపారు. తిరిగొస్తూ తిలకవతి ఊరుకుందా?

"కుట్టనాడూ లేదు, పాడూ లేదు. ఈ అరియాంకుప్పంలోనే వాళ్ల చెల్లెలింట్లో నెల్లాళ్లు తిని పడుకొని వస్తాడు, చూస్తా ఉండండి."

వీధి మొత్తం ఆ మాటను నమిలి నమిలి ఆనందించింది. కుళాయి దగ్గర పక్కింటి మణియమ్మ "ఏంది అక్కా, మీ ఆయన యాడిదాకా పొయినాడు? వంటింటి దాకానా, పెరటి దాకానా?" అనేది. అందరికన్నా ముందు తిలకవతే నవ్వేది. ఒకరోజు అతను ఫోన్ చేసి సేలం దాటానంటే, "ఓహో, మీ చెల్లెలి పెరటికి సేలమని పేరు పెట్టినారా" అని పెట్టేసింది.

చివరికి ఎవరిదో నంబరు నుంచి తిలకవతి ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. మోకాలి లోతు నీళ్లలో సుబ్బరాయలు, చుట్టూ వరి. బోర్డు లేదు, జెండా లేదు. దేశం మొత్తానికి అడుగున ఉన్న చోటు అచ్చం అరియాంకుప్పం మడిలాగే ఉంది. తిలకవతి నవ్వుతూ దాన్ని వీధంతా తిప్పి చూపించింది.

బస్సు దిగి అతను వచ్చేసరికి నవ్వడానికి జనం సిద్ధంగా ఉన్నారు. నడకయాత్ర చేసొచ్చినవాడి కాళ్లు గడపలో పెళ్లాం పసుపునీళ్లతో కడగాలి. తిలకవతి నవ్వు బిగబట్టుకునే చెంబు తెచ్చి, వంగి కుడికాలు పట్టుకుంది.

మడమ వేలు పట్టేంత పగిలి ఉంది. రెండు గోళ్లు లేవు. పసుపునీళ్లు ఎర్రబడ్డాయి.

"అయ్యో, నిజంగా నడిచినాడే! ఈ కాలు చూడండి బావా!"

"ఇట్టాంటి ఎగతాళి నువ్వు కాక ఇంకెవురు చేస్తారు తిలకా!" అని వీరాసామి విరగబడి నవ్వాడు.

"మొగుడు ఇంటికొచ్చేసరికి మాట మార్చేసినావే అక్కా" అంది మణియమ్మ.

"నా మీద ఒట్టు, నిజం!" అని తిలకవతి అరిచినకొద్దీ నవ్వులు పెరిగాయి. సుబ్బరాయలు పంచె కిందికి లాగి కాళ్లు కప్పేసుకున్నాడు.

జనం పోయాక ఆమె బతిమాలింది. "ఒక్కసారి వాళ్లకు చూపించయ్యా. నీకు దండం పెడతా."

"ఎందుకులే. ఫొటో తీసిన మలయాళీ ఆయన ఎవురికి పంపాలని అడిగినాడు. నీ నంబరొకటే చెప్పినా."

అంత మాత్రమే అని, గోడ పట్టుకుని లోపలికి పోయాడు. ఎడమకాలు కడగనే లేదు. నీళ్ల చెంబు ఆమె చేతిలోనే ఉంది.