చాందీ నాకించిన తేనె

దంతాలపల్లి దగ్గరి తండాలో చాందీకి మనవడు పుట్టి మూడు నెలలైంది. కొడుకు సురేందర్, కోడలు జమున పత్తి చేనుకు పోతే పిల్లవాడు ఆమె ఒళ్లోనే ఉండేవాడు. కడుపు ఉబ్బి ఏడుస్తున్నాడని, భూపాలపల్లి అడవి నుంచి తమ్ముడు భోజ్యా తెచ్చిన తేనెను రోజూ వేలితో నాకించింది.

జమున ఒకసారి చూసి ఉలిక్కిపడింది. "దవాఖానల నర్సమ్మ పాలు తప్ప ఏం పెట్టొద్దన్నది."

"నీ మొగనికి గూడ గిట్లనే నాకించిన. ఏమైంది వానికి? గిది దుకాణంల పాకం గాదు, అడివిల పిండిన తేనె."

జమున సద్దిమూట చంకన పెట్టుకుని చేనుకు బయలుదేరింది.

ముందు పిల్లవాడికి దొడ్డికి రావడం ఆగింది. తేనెతో కడుపు సాఫవుతుందనుకుని చాందీ ఇంకాస్త పెట్టింది. తర్వాత వాడు రొమ్ము పట్టినా పాలు పెదవి చివర నుంచి కారిపోసాగాయి. ఏడుపు పిల్లికూన మూలుగులా సన్నబడింది. రెప్పలు సగం వాలి, ఎత్తుకుంటే తల వేలాడిపోయింది. తొర్రూరులో చూసిన డాక్టరు వెంటనే వరంగల్ తీసుకుపొమ్మన్నాడు.

అక్కడి డాక్టరమ్మ పిల్లవాడి రెప్పలెత్తి చూసి అడిగింది. "తేనె ఏమన్న పెట్టిన్రా?"

"పెట్టిన మేడం," అంది చాందీ గర్వంగా. "కల్తీ లేని తేనె."

"కల్తీ సంగతి కాదవ్వా. ఎంత మంచి తేనెలనైనా ఒక రకం సూక్ష్మజీవి విత్తనాలు దాగుండొచ్చు. మనకు ఏం చెయ్యవు. ఏడాది నిండని పిల్లల పేగుల్ల మొలిచి విషం పుట్టిస్తయి. కండరాలు పడిపోతయి. పరీక్ష చెయ్యాలె గని, నా అనుమానం దాని మీదనే."

"పానం దక్కుతదా?"

"ఊపిరికి మిషన్ పెడుతున్నం. చూద్దాం."

వారాలు గడిచాయి. చాందీ వరండాలో గోడకు ఆనుకునే ఉండిపోయింది. సురేందర్ తిట్టలేదు. అన్నం తెచ్చి పక్కన పెట్టి, మొహం చూడకుండా వెళ్లేవాడు. తిడితే బాగుండుననిపించేది ఆమెకు. జమున పాలు పిండి నర్సుకు ఇవ్వడానికి ఆమె ముందు నుంచే పోయేది. ఒక్కసారి మాత్రం ఆగింది.

"వద్దన్న గదా నేను," అంది. అంతే.

పిల్లవాడు మెల్లగా సొంతంగా ఊపిరి తీసుకున్నాడు. ఇంటికి పంపేనాటికీ మెడ నిలవలేదు. దవాఖాన గేటు దగ్గర సురేందర్ తల్లి పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"యాడీ, జమున పుట్టింటికి పోతనంటున్నది. పిలగాడు మంచిగయ్యేదాక ఆడనే ఉంచుత."

"మంచిగయినంక తీసుకొస్తవా?"

అతడు చేతిలోని మందుల సంచి మూతి ముడివేశాడు. చాందీ మనవడి పాదం ముట్టుకోబోయింది. జమున తువ్వాలు కిందికి లాగి పాదాలు కప్పేసింది.

తొర్రూరు బస్సులో చాందీ ఒక్కతే ఎక్కింది. పక్క సీటులో ఎవరో తల్లి ఒళ్లోని పసిపాప నవ్వుతూ చాందీ కొంగు పట్టి లాగింది. చాందీ ఆ వేళ్లను మెల్లగా విడిపించింది. కొంగును ఒళ్లోకి దగ్గరగా లాక్కుని, ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.