మడతలో పడ్డ నలభై ఏడో గడి

నేను ఒక గడిని. కంప్యూటరు తెర మీద గీతల మధ్య వేలిగోరంత చోటు, అంతే నా ఆస్తి. దయ్యాలంటే శ్మశానాల్లోనే ఉంటాయనుకుంటారు మీరు. ఐదేళ్లు నేను ఒక ఆఫీసు ఫైల్లో దయ్యాన్నై బతికాను, వినండి.

జిల్లా నీటి పరీక్షల ల్యాబులో నూట ఇరవై చేతిపంపుల పట్టిక వేస్తున్నప్పుడు పుట్టాను. నాది నలభై ఏడో వరుస, ఎర్రకుంట అంగన్‌వాడీ ముందున్న పంపు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో నాలో రాయాలి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ పంపుకు ఎర్రరంగు పూస్తారు. ఎర్రరంగు చూస్తే ఎవరూ ఆ నీళ్లు తాగరు.

మిగతా గడులను డేటా ఎంట్రీ అమ్మాయి ఉత్త అంకెలతో టకటకా నింపేసింది. నా దగ్గరికొచ్చేసరికి కెమిస్టు కమలాకర్, "నువ్వు లే బిడ్డా, ఇది నేను కొడ్త" అని కూర్చున్నాడు. మహా చాదస్తుడు, కానీ మంచివాడు. చిన్నప్పుడు పక్కన కొలమానం రాయని అంకెకు సైన్సు సారు సున్నా వేసి, పైగా తొడపాశం పెట్టేవాడట. ఆ నీళ్లలో తేలిన అంకెను కమలాకర్ మొదట నమ్మలేదు. మూడుసార్లు పరీక్ష చేశాకే వచ్చి కూర్చున్నాడు. 5.8 కొట్టాడు. చిహ్నాల పట్టిక తెరిచి, కళ్లజోడు సర్దుకుని, వెతికి వెతికి ± తెచ్చి పక్కన పెట్టాడు. తర్వాత 0.2, అటో ఇటో అంత తేడా ఉండొచ్చని. చివర మి.గ్రా./లీ. అబ్బ, ఎంత మురిసిపోయానో! పట్టిక మొత్తంలో నాకొక్కదానికే నగలు పెట్టినట్టుంది.

ఆ నగలే కొంప ముంచాయి. గుర్తూ అక్షరాలూ తోడైతే ఆ యంత్రానికి నేను అంకెను కాను, ఉత్త మాటను. మరునాడు ల్యాబు అధికారి సులోచన మేడం ఒకటిన్నర దాటిన అంకెలు మాత్రమే చూపమని పట్టికకు వడపోత పెట్టారు. ముప్పై ఒక్క వరుసలు నిలిచాయి. నా వరుసను యంత్రం మడిచి లోపలికి తోసేసింది. అందరికంటే ఎక్కువ విషం నా దగ్గరే ఉందని చెబుదామంటే గడికి నోరెక్కడిది? ముప్పై ఒక్క పంపులకు రంగు పడింది. జాబితాను కమలాకర్ తిరిగి చూడలేదు. తన చేత్తో అంత పద్ధతిగా రాసింది తప్పిపోతుందని ఎవరనుకుంటారు?

ఆ ఫైలు కంప్యూటర్లు మారింది, పెన్‌డ్రైవుల్లో తిరిగింది. మడత మాత్రం ఎవరూ విప్పలేదు. అటు నలభై ఆరూ ఇటు నలభై ఎనిమిదీ జాబితాలో ఉంటే, మధ్యది ఏమైందని ఒక్కరూ అడగలేదు. చీకట్లో నా అంకెను నేనే చదువుకుంటూ ఉన్నాను. అవతల పిల్లలు తాగుతూనే ఉన్నారు.

ఒక మధ్యాహ్నం ఎర్రకుంట అంగన్‌వాడీ టీచరు లచ్చవ్వ ల్యాబుకు వచ్చింది. ఏదో పాత లెక్క కోసం కమలాకర్ ముందు ఫైలు తెరిచే ఉంది, మడతలోంచి అన్నీ విన్నాను. ఎనిమిదేళ్ల పిల్లను వెంటబెట్టుకొచ్చింది. అడుగు ఈడ్చిన చప్పుడు వినిపించింది.

"సారూ, ఈ పిల్ల మా సెంటర్లనే పెరిగింది. కాళ్లు సూడుండ్రి, ఎట్ల వంకర పోయినయో. డాక్టరు నీళ్లనే అనుమానపడ్తుండు. పక్కూరి బోరింగులకు ఎర్రరంగేసి పోయిండ్రు, మా దాన్ని ముట్టలే. మాది మంచిదే అనుకొని నా చేత్తోనే గిలాసల పోసి తాపిన."

"ఎర్రకుంటనా? రంగెయ్యకపోవుడేంది? నేనే రాసిన గదమ్మా!"

కమలాకర్ జాబితా పైనుంచి కిందిదాకా వెతికాడు. లేదు. వడపోత తీసేశాడు. ఐదేళ్ల తర్వాత నా మీద వెలుతురు పడింది. ఎదురుగా ఆయన ముఖం తెల్లబోయి ఉంది. ఆయనకు అర్థమైపోయింది. మి.గ్రా./లీ. చెరిపాడు, 0.2 చెరిపాడు, ± చెరిపాడు. వడపోత మళ్లీ పెట్టాడు. ఈసారి నేను నిలిచాను. వరుసలు ముప్పై రెండయ్యాయి.

"సరిజేసిన" అన్నాడు.

పిల్ల తెర వైపు ఆశగా చూసింది. "ఇగ నా కాళ్లు సక్కగైతయా సారూ?"

 ఆ సాయంత్రమే ఆయన ఎర్రరంగు డబ్బా పట్టుకుని ఎర్రకుంట వెళ్లాడట.

ఇప్పుడు కొత్త పట్టికలొచ్చాయి, నా ఫైలుతో ఎవరికీ పనిలేదు. అయినా కమలాకర్ రోజూ పొద్దున్నే, చాయ్ కూడా తాగకుండా నన్ను తెరుస్తాడు. ఏమీ కొట్టడు, ఏమీ చెరపడు. ఐదేళ్లు ఆయన కంటికి నేను కనపడలేదు, ఇప్పుడు నేను తప్ప ఇంకేమీ కనపడటం లేదు.